వేలు పట్టేంత సందు

గుట్టలకింకా పేర్లు పెట్టని కాలాన ఒక మెట్ట ఊళ్లో ఓబుళమ్మ అనే మేదరి ముసలమ్మ ఉండేది. వెదురు చీల్చి కోళ్లగంపలు అల్లేది. "ఓబుళమ్మ గంపలో చీమ కూడా దూరదు" అనేది ఊరు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె అల్లిక ఇంకాస్త బిగించేది. పొగడ్త తియ్యగా ఉంటుంది, తిన్నవాడి కళ్లు మూస్తుంది.

ఆ ఊళ్లో ముంగిసల భయం, గద్దల భయం. అందుకని జనం పొద్దెక్కగానే కోళ్లను గంపల కింద మూసి, పైన రాయి పెట్టి పొలాలకు పోయేవాళ్లు.

ఒక ఏడు ఎండలు ముదిరాయి. గంగులు పుంజు చచ్చింది. లచ్చుమక్క పెట్ట చచ్చింది. తెగులన్నారు, దిష్టన్నారు, అమ్మవారి కోపమన్నారు.

ఓబుళమ్మకు ఒక్కటే పెట్ట. దాని గుడ్లు అమ్మితేనే ఇంట్లోకి ఉప్పు. ఒక మధ్యాహ్నం గంప ఎత్తి చూస్తే, పెట్ట నోరు తెరిచి, రెక్కలు చాచి ఒగరుస్తోంది. ఓబుళమ్మ గంపలోకి చెయ్యి పెట్టింది. మండే పొయ్యిలో పెట్టినట్టుంది.

"తెగులు కాదు, దిష్టి కాదు. నా చేతి బిగువు" అనుకుంది.

పెట్టను నీడకు తెచ్చి, కాళ్లు తడిపి, మూకుడులో నీళ్లు పెట్టింది. సాయంత్రానికి అది లేచి గింజలు ఏరుకుంది.

ఓబుళమ్మ రచ్చబండ దగ్గరికి పోయి చెప్పింది. "నా గంపలే మీ కోళ్లను చంపాయి. తెండి, సందులు చేస్తాను."

గంగులు నవ్వాడు. "చేతకాక సందులు వదిలే మేదరిని చూశాను గానీ పెద్దమ్మా, సందులే మంచివనే మేదరిని ఇప్పుడే చూస్తున్నా."

"ముంగిస పట్టుకుపోతే అత్తా?" అంది రామక్క. ఆమెకు పిల్లలకోడి ఒక్కటే మిగిలింది.

"వేలు పట్టేంత సందులో ముంగిస తల పట్టదు. నా పెట్టను మీ వాకిట్లోనే పెడతాను. అది పోతే మళ్లీ వెదురు ముట్టను."

వేలు పెట్టి కొలుచుకుంటూ కొత్త గంప అల్లింది. రామక్క వాకిట్లో నీడన పెట్టను దాని కింద మూసి, పైన తడి గోనె కప్పి, లోపల నీళ్లు ఉంచింది. ఎండవేళ మేత వేడి చేస్తుందని, గింజలు తెల్లవారుజామునా, పొద్దుగూకాకా వేసింది.

మొదటినాడు ముంగిస వచ్చింది, చుట్టూ తిరిగి పోయింది. రెండోనాడు గద్ద వాలింది, గోళ్లు గీరుకుని పోయింది. మూడోనాడు వడగాలి వీచింది. పెట్ట నీళ్లు తాగి కునుకు తీసింది.

అప్పుడు రామక్క తన గంప తెచ్చి ఓబుళమ్మ ముందు పెట్టింది. తర్వాత లచ్చుమక్క తెచ్చింది. అందరికన్నా చివర గంగులు తెచ్చాడు.

"కూలేమన్నా తీసుకో పెద్దమ్మా."

"నా తప్పు దిద్దుకోవడానికి నీ దగ్గర కూలేంది రా?"

తన చేతులతో అల్లినవన్నీ తన చేతులతోనే విప్పి, సందులు వదిలి మళ్లీ అల్లింది. తప్పు తెలిశాక దాచడం రెండో తప్పు. ఆమె ఆ రెండోది చెయ్యలేదు.

ఓబుళమ్మ పోయి ఎన్ని ఎండాకాలాలయ్యాయో ఎవరికీ తెలియదు. ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ వేసవి మొదట్లో తాము అన్నం తినే ముందు కోళ్లకు నీడన నీళ్లు పెడతారు. గంప అల్లడం ముగిసినప్పుడు, చేసినవాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా, సందులో వేలు పెట్టి "చూసుకో ఓబుళమ్మా" అంటారు. వేలు దూరకపోతే కూర్చుని విప్పుతారు.