నక్క పేరున దాచిన బొమికలు

ఊరి చివర పాడుబడ్డ ఇటుక బట్టీలో, దెబ్బలు తగిలిన జంతువుల్ని సాకేది ఒక ముసలి గాడిద. మట్టి మోసి మోసి నడుం వంగాక యజమాని తరిమేస్తే అక్కడే ఉండిపోయింది. అందరికీ అది సుంకులక్క.

ఆ వేసవిలో ముళ్లకంచెకు చిక్కి తొడ చీరుకుపోయిన లేగదూడ వచ్చి చేరింది. పుండు మీద ఈగలు ముసిరాయి. పురుగు పడితే దూడ దక్కదు. సుంకులక్క వాగు దాకా పోయి మేత తెచ్చేసరికి సగం పొద్దు గడుస్తుంది. ఆ సగం పొద్దూ ఈగలదే రాజ్యం.

అందుకే ఆ చుట్టుపక్కల జంతువుల్నీ పక్షుల్నీ పిలిచింది. “మీరేం తేనక్కర్లేదు. తలా ఒక పూట దీని పక్కన నిలబడి తోకతో ఈగలు తోలండి. అంతే.”

నక్క గొంతు సవరించుకుంది. “ఇంతమంది పెద్దలం ఈగలు తోలుకుంటామా అక్కా? ఇస్తే గట్టిగా ఇవ్వాలి. రేపే విరాళాల సభ పెడదాం. మాట్లాడే పని నాది.”

“సభ అయ్యేదాకా ఈగలు ఆగుతాయా బావా?”

అందరూ నవ్వారు. నవ్వి, సభకే ఒప్పుకున్నారు.

మర్నాడు కోతి అరటి తొక్కలు తెచ్చింది. కాకి పగిలిన అద్దం ముక్క తెచ్చింది. నక్క తను నాకి వదిలేసిన బొమికల్ని గుట్టగా పోసి, తంగేడు పూలదండ తన మెడలో తనే వేసుకుంది.

“ఇవి నా పేరునే ఉండాలక్కా. ఎవరూ ముట్టుకోకూడదు.”

గడ్డి మేసే దూడ ఆ బొమికల వంక బిత్తరపోయి చూసింది. సుంకులక్క దూడ వంక చూసింది. “అలాగే. నీ పేరునే భద్రంగా ఉంచుతాను,” అంది.

అందరికన్నా వెనక గేదె వచ్చింది.

“ఏం పెద్దమ్మా, ఊరికే ఊగుతూ వచ్చావు. ఏం తెచ్చావేంటి?” అంది నక్క.

“తోక తెచ్చాను నాయనా,” అంటూ గేదె పోయి దూడ పక్కన నిలబడింది. పొద్దు వాలేదాకా కదల్లేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. పదో రోజుకు పుండు ఎండి, దూడ లేచి నాలుగడుగులు వేసింది.

ఆ వారమే, వేరుశనగ చేలో పందులకు పెట్టిన ఉచ్చులో నక్క కాలు పడింది. ఎలాగో తెంచుకుని, ఈడ్చుకుంటూ బట్టీకి చేరింది. సుంకులక్క గాయపాకు నమిలి కాలికి పట్టు వేసింది.

“ఆకలక్కా.”

బొమికల గుట్ట ముందుకు వచ్చింది.

“ఇందులో ఏముందక్కా తినడానికి?”

“ఇస్తే గట్టిగా ఇవ్వాలన్నావుగా. కొరుకు. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.”

నక్క తల వాల్చేసింది. కాలి మీద ఈగలు వాలుతున్నాయి. “అక్కా, ఈ ఈగలు…”

“కాకి ఇచ్చిన అద్దం ఉంది. తెమ్మంటావా?”

ఇంతలో దూడ కుంటుకుంటూ వచ్చి, పక్కన నిలబడి తన చిట్టి తోక ఊపసాగింది. నక్క దాని మొహం చూడలేక కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ముందు ఈతపళ్లు ఉన్నాయి. సుంకులక్క వాగు వైపు వెళ్లిపోతోంది.

కాలు నయమయ్యాక ఒకనాడు కోతి వచ్చి చూస్తే, కాలు విరిగిన కుక్కపిల్ల పక్కన కూర్చుని నక్క తన కుచ్చుతోక ఊపుతోంది.

“షికారుకు రావా బావా?”

“నా పూట ఇంకా అవలేదు,” అంది నక్క.

మనకు అక్కర్లేనిది వదిలించుకుని దానం అనుకోకండి. ఏం కావాలో అడిగి, అది ఇవ్వండి.