ఈకల ఈగ, గుడ్ల చేప

అనగనగనగా, ఆడవాళ్లకే కాదు, చెరువుకి కూడా పురుడు పోసే ఊరొకటి ఉండేది.

చైత్రమాసం వచ్చిందంటే చాలు, ఆ చెరువులోని బంగారుతీగ చేపలు ఒడ్డున ఉన్న తుంగలోకి చేరి గుడ్లు పెట్టేవి. ఆ పదిహేను రోజులూ ఎవరూ వాటి జోలికి పోకూడదని రాజాజ్ఞ. కాపలా మాచక్కది. ఆవిడ తల్లీ, అమ్మమ్మా కూడా అదే కాపలా కాశారు. ఊళ్లో అందరూ ఆవిడని అనుమానపు పక్షి అనేవారు. నిజమే మరి, కొంగ ఒంటికాలి మీద నిలబడ్డా ఎందుకా అని ఆరా తీసే మనిషి.

ఒక ఏడు నాగదత్తుడనే వర్తకుడు వచ్చాడు. చేతిలో సన్నని వెదురుకర్ర, దానికి పొడవాటి దారం, దారం చివర గాలం. ఆ గాలానికి కోడి ఈకలు చుట్టి అచ్చం ఈగలా కట్టాడు. దాన్ని నీటి మీద ఆడించి చిన్న చిన్న పరిగె చేపలు పట్టుకోవడం తన సరదా అనీ, పరిగెల వరకూ రాజుగారు సరేనన్నారనీ చెప్పాడు.

మొదటి రోజు గుప్పెడు పరిగెలు పట్టి, సగం మాచక్కకి ఇవ్వబోయాడు. ఆవిడ పుచ్చుకోలేదు. పరిగెలేమో లోతు నీళ్లలో తిరుగుతున్నాయి, ఈయన చూపులేమో తుంగ మీదే ఉన్నాయి. ఎందుకో ఆవిడకి అంతుబట్టలేదు.

రెండో రోజు తుంగకి ఇంకాస్త దగ్గరగా నిలబడ్డాడు. గాలం, దాని మీది ఈకల ఈగ కూడా పెద్దవయ్యాయి. ఇంత గాలం పరిగె నోట్లో ఎలా పడుతుందని మాచక్క అడిగితే, ముసలిదానివి, నీకు చూపు ఆనడం లేదని నవ్వేశాడు. ఆవిడకి ఒళ్లు మండింది. వెంటనే రాజుగారికి కబురు పెట్టింది.

మూడో రోజు రాజుగారు వచ్చేసరికి నాగదత్తుడి బుట్టలో పెద్ద బంగారుతీగ కొట్టుకుంటోంది. దాని కడుపు నిండా గుడ్లే. మాచక్కకి ఏడుపొక్కటే తక్కువ. గబగబా బుట్టని నీళ్లలో ముంచి పట్టుకుంది.

నాగదత్తుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, నేను పరిగెకే గాలం వేశాను. ఇదే ఆకలేసి వచ్చి కరిచింది. ఇందులో నా తప్పేముంది?"

రాజుగారు ఆలోచనలో పడ్డారు. పట్టుకుంటే నేరం, తనంత తానే వచ్చి కరిస్తే ఏమనాలి? ఉత్త అనుమానంతో నింద వేశావని తేలితే ఈ కాపలా ఇంకొకరికి ఇచ్చేస్తానని మాచక్కతో గట్టిగానే చెప్పారు. మూడు తరాల కాపలా అది.

అయినా ఆవిడ మెల్లగా చేప నోరు తెరిచి చూపించింది.

"గుడ్లు పెట్టే పూట ఇది మేత ముట్టదు ప్రభూ. పోనీ, ముట్టిందే అనుకుందాం. అప్పుడు గాయం నోట్లో ఉండాలి కదా? పెదవి మీద గీత కూడా లేదు. గాలం దిగింది ఇదిగో, ఇక్కడ, పొట్ట పక్కన. ఈయన గాలాన్ని చేపల గుంపులోకి విసిరి, గుచ్చి ఈడ్చాడు."

రాజుగారు వంగి చూశారు. నాగదత్తుడు తల దించుకున్నాడు.

బుట్ట వంచగానే చేప తుంగలోకి వెళ్లిపోయింది. ఇకమీదట ప్రతి చైత్రంలోనూ ఆ పదిహేను రోజులూ చెరువుకి కాపలా కాయాలని నాగదత్తుడికి శిక్ష పడింది. అతను బుద్ధిగానే వచ్చి కూర్చునేవాడు. మాచక్క మాత్రం అతనికి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

పిల్లలూ, అనుమానం వస్తే నోరు పారేసుకోకండి, కళ్లు తెరిచి రుజువు వెతకండి. రుజువు దొరికాక మాత్రం ఎదుట ఉన్నది ఎంతటివారైనా నిజం చెప్పడానికి వెనకాడకండి.