పాదం నడుమ పల్లం

ఒకప్పుడు మనిషి పాదం పీటచెక్కలా ఉండేది. ఒకటే ఎముక, ఒకటే పలక. నేల మీద పెడితే చీమ దూరే సందు కూడా మిగిలేది కాదు. ఊరి పొలిమేర దాటేసరికే మనుషులు ఉస్సురని కూలబడేవారు.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున పైడయ్య అనే ఉప్పు కావడివాడు ఉండేవాడు. వెదురు బద్దకు చెరో కొసనా ఉప్పు బుట్ట కట్టి, భుజాన వేసుకుని కొండ మీది గూడేనికి మోసేవాడు. ఉప్పు కావడిని దారిలో దింపకూడదు. దింపితే నేల చెమ్మ పీల్చి ఉప్పు నీరైపోతుంది. అలిసిపోతే నడుస్తూనే భుజం మార్చుకోవాలి, అంతే.

ఆ ఏడు వాన తొందరపడింది. గూడెంలో ఉప్పు నిండుకుంది. పైడయ్య కూతురు సన్నెమ్మను ఇచ్చింది ఆ గూడేనికే. ఎనిమిదో నెల. చప్పిడి గంజి సయించక రెండు రోజులుగా ఏమీ తినడం లేదని కబురొచ్చింది. పాపం, ఆ తండ్రికి ఇంట్లో కాలు నిలవలేదు.

పొద్దున బయల్దేరితే కొండ మొదటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ ఎడమ పాదం ఆగిపోయింది.

“ఇక నావల్ల కాదు పైడయ్యా,” అంది.

“నావల్లా కాదు,” అంది కుడిది.

“నావల్ల మాత్రం అవుతోందా? పిల్ల తిండి తినలేదర్రా,” అన్నాడు పైడయ్య.

నెత్తి మీదే నల్లటి మబ్బు. “కాసేపు ఆగు తల్లీ,” అని బతిమాలాడు.

“నేనూ మోసేదాన్నే నాయనా,” అంది మబ్బు నీరసంగా. “ఇన్ని నీళ్లు సముద్రం నుంచి మోసుకొస్తున్నా. నువ్వు పైకెక్కేదాకా ఎలాగో ఓర్చుకుంటా. నువ్వు కూర్చుంటే మాత్రం దింపేస్తా.”

అందరూ అలిసినవాళ్లే. ఎవరిని తిట్టుకుంటాడు?

అప్పుడు భుజం మీది బద్ద నోరు విప్పింది. “పాదాల్లారా, నేనూ పొద్దుట్నుంచి మోస్తున్నా. రెండు కొసలూ కిందికి వదిలి, నడుము పైకెత్తి, అడుగడుక్కీ కాస్త వంగుతున్నా. మీరేమో ఒళ్లంతా నేలకేసి కొట్టుకుంటున్నారు.”

“మాలో ఉన్నది ఒక్క ఎముక. వంగితే విరుగుతుంది,” అన్నాయి పాదాలు.

 

“సరే, విరుగుతాం. ఓర్చుకుంటావా పైడయ్యా?” అని అడిగాయి.

“కానివ్వండి,” అన్నాడు.

పాదాలు పటపటా విరిగాయి. చిన్నా పెద్దా కలిపి ఒక్కోదానిలో ఇరవై ఆరు ముక్కలు. పైడయ్యకు కళ్లు బైర్లు కమ్మాయి, కావడి మాత్రం దింపలేదు. నరాలు పరుగున వచ్చి ఆ ముక్కల్ని బుట్ట అల్లినట్టు అల్లేశాయి. మడమ ముందుగా నేలకు దిగింది, ఆ తర్వాత వేళ్లు నెట్టాయి, పాదం నడుము పైకి లేచింది. పాదం ఎక్కడ పక్కకు ఒరిగిపోతుందోనని కాలి ఎముకలు రెండూ అటొకటి ఇటొకటి దిగి గట్టిగా పట్టుకున్నాయి. చీలమండకు రెండు పక్కలా తగిలే బుడిపెలు అవే.

పైడయ్య మెల్లగా కొండెక్కాడు. చూరు కింద అతను కావడి దింపాడో లేదో, మబ్బు కూడా దింపేసింది.

సన్నెమ్మ గంజిలో ఉప్పు వేసుకుంది. గిన్నె ఖాళీ చేశాకే తండ్రి కాళ్లకు నీళ్లిచ్చింది. అలికిన నేల మీద తడి అడుగులు పడ్డాయి.

“నాన్నా, నడుమ అచ్చు పడలేదేం?”

“దింపకూడదు కదమ్మా. అదీ దింపలేదు,” అన్నాడు పైడయ్య, గోడకు జారగిలబడుతూ. సన్నెమ్మ ఆ పాదం ఒళ్లో పెట్టుకుని నడుమ బొటనవేలితో నొక్కింది.

అప్పటినుంచే మన పాదం నడుమ నేలకు దిగదు. తడికాళ్లతో నడిచి చూసుకోండి. సాయంత్రమయ్యేసరికి ఆ పల్లమే లాగుతుంది, ఎవరైనా కాస్త నొక్కితే బాగుండుననిపిస్తుంది. అది ఇంకా మోస్తూనే ఉంది మరి.