ఎండకి చురుక్కు ఎలా వచ్చింది?

ఒకప్పుడు ఎండ మెత్తగా ఉండేది. ఎవరినీ చురుక్కుమనిపించేది కాదు.

సముద్రం ఒడ్డున నూకాలు అనే ఆవిడ ఇసకలో చేపలు ఎండబెట్టుకునేది. ఎండకి ఆమె అంటే ప్రాణం. చేపల మీదే కాదు, నూకాలు వీపు మీదా వాలేది. చర్మంలోంచి లోపలికి దూరి, ఊపిరితిత్తుల దగ్గర కాపలా కాసే బుల్లి భటులకి తన చేత్తో ముద్దలు పెట్టి వచ్చేది. కడుపు నిండిన భటులు కర్రలు తిప్పుతూ జబ్బుల్ని తరిమేసేవారు.

ఒక ఏడు ముసురు పట్టింది. ఎండ మబ్బుల వెనక చిక్కుకుంది. చేపలు కుళ్ళిపోతుంటే నూకాలు పాకలో మంటేసి, పైన చేపలు వేలాడదీసి, పొగబెట్టింది. పొగ బయటికి పోకుండా తలుపుకి తడి గోనె కప్పి, తానూ లోపలే కూర్చుంది. సంతలో ఆ చేపల కోసం జనం ఎగబడ్డారు. దాంతో ముసురు తగ్గినా ఆమె పాక వదల్లేదు.

మబ్బుల్లోంచి బయటపడ్డ ఎండ పరుగున వచ్చింది. ఇసక ఖాళీగా ఉంది. పాకలో నూకాలు, పొగమ్మా నాకు నువ్వే దిక్కు అంటోంది.

ఎండకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ముద్ద పెట్టింది నేనైతే, దిక్కు మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన ఆ మసిమొహమా అని కుళ్ళుకుంది. పాక కప్పుమీద కూర్చుని రోజంతా సణిగింది గాని, నూకాలుని పిలవలేదు.

లోపల పొగ నూకాలు ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేసింది. ఒకటే దగ్గు, ఆయాసం. ఆమె ఊపిరితో లోపలికెళ్ళి వచ్చిన గాలి, ఎండకి సంగతి చెప్పింది. భటులు ఆకలితో కర్ర ఎత్తలేకపోతున్నారట. జబ్బులు దర్జాగా నడిచి వస్తున్నాయట.

“ఆ పొగనే పెట్టమను ముద్దలు” అంది ఎండ.

“దాని దగ్గరుండేది మసే. నువ్వెళ్ళకపోతే నూకాలు బతకదు” అంది గాలి.

ఎండ మూతి ముడుచుకునే ఉంది. అంతలో ఊపిరాడక నూకాలు తలుపు తోసుకొచ్చి గడప మీద బోర్లా పడింది. ఆ వీపు కనబడగానే ఎండ అలక మరిచి దూకింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. నూకాలు వీపు చురుక్కుమంది.

“ఇన్నాళ్ళూ ఏటైపోనావే?” అంది నూకాలు రొప్పుతూ.

“నువ్వేటైపోనావో ముందది సెప్పు” అంది ఎండ. అంటూనే లోపలికి దూరి భటులకి ముద్దలు పెట్టింది.

మసి పూర్తిగా పోలేదు. నూకాలు ఊపిరి మునుపటిలా అవలేదు. అయినా భటులు లేచి కర్రలు పట్టారు. ఆమె గోనె పీకి పారేసి మళ్ళీ ఇసకలోకి వచ్చింది.

అప్పటినుంచే ఎండ వీపుమీద పడగానే ముందు చురుక్కుమంటుంది. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరున్నావని అడగడం అది. కాసేపు కదలకుండా కూర్చుంటే, సణుగుతూనే లోపలికెళ్ళి ముద్దలు పెడుతుంది.