నాలుగో గుంటలో రాయి

మోదుగుల వాగుకి ఏటా వానలకు ముందు దుంగలతో కట్ట వేయడం ఆ అడవి ఆనవాయితీ. నక్క మేస్త్రి. దుంగలు లాగేది పుల్లయ్య అనే ఎద్దు. పని లెక్కకి బండ మీద నాలుగు గుంటలుండేవి: లాగడం, పేర్చడం, మట్టి మెత్తడం, చివరిది వడ్రంగిపిట్ట దుంగల్ని ముక్కుతో కొట్టి లోపల బోలుందేమో చూడడం. ఏ పని అయితే ఆ గుంటలో గులకరాయి వేయాలి. పిట్ట ఒకచోట నిలిచే రకం కాదు కనుక, "ఉంటే చూపించండి, లేకపోతే పని ఆపకండి, గుంట మాత్రం ఖాళీగా వదలండి" అన్నారు పెద్దలు. ఖాళీ గుంట కనిపిస్తే కట్ట కింద ఎవరూ కాపురం పెట్టరు. ఇంతే, ఇంత చిన్న పద్ధతి.

ఆ ఏడు పిట్ట కొండ దాటి పోయింది. మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"మేస్త్రీ, నాలుగో గుంట సంగతేంటి?" అన్నాడు పుల్లయ్య.

"లేకపోతే పని ఆపొద్దన్నారా లేదా?" అంది నక్క.

"ఖాళీగా వదలమని కూడా అన్నారు."

"మూడు రాళ్లతో కట్ట అప్పగిస్తే నా మేస్త్రిగిరీకి విలువేం ఉంటుంది మావా? దుంగలు లాగింది నువ్వే. గట్టివేగా?"

"బరువుగానే ఉన్నాయి."

"ఇంకేం మరి" అని నక్క నాలుగో రాయి వేసేసింది. పుల్లయ్య తలూపాడు. ఊపకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం కుందేలు సీతాలు వచ్చింది. దాని నాలుగు పిల్లలూ నిన్ననే కళ్లు తెరిచాయి.

"మావా, కట్ట కింద నేల మెత్తగా ఉంది. పిల్లల్ని అక్కడ పెట్టుకోనా?"

పిట్ట రాలేదమ్మా అనే మాట పుల్లయ్య నాలుక చివరిదాకా వచ్చింది. "నాలుగు రాళ్లూ ఉన్నాయి కదమ్మా" అన్నాడు.

విడ్డూరం ఏమిటంటే, రోజూ ఆ రాళ్లను చూసి చూసి నక్క కూడా నమ్మేసింది. తన గుహనీ కట్ట కిందికే మార్చుకుంది. తాను వేసిన రాయిని తానే నమ్మినదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. నడిమి దుంగని చెదలు ఎప్పుడో తినేశాయి. దాని బరువంతా బోలులో చేరిన పుట్టమన్నే. పైన పటారం, లోన లొటారం. అది విరిగింది, కట్ట తెగింది.

నక్క ఈదుకుంటూ బయటపడింది. గుహ లేదు. సీతాలు గట్టు మీద కూర్చుని ఉంది. పిల్లలు లేవు.

"పిట్ట రాకపోవడం నా తప్పా?" అంది నక్క.

"రాలేదని చెప్పుంటే నేను మెట్ట మీదే ఉండేదాన్ని కదయ్యా" అంది సీతాలు. "ఒక్క మాట. అది కూడా చెప్పలేకపోయారు."

పుల్లయ్య వెళ్లి నాలుగో రాయి తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అది. ఆ తరువాత నక్క ఎన్ని రాళ్లు వేసినా ఆ అడవిలో ఒక్కరూ నమ్మలేదు, కానీ దాంతో సీతాలుకి ఒరిగిందేమీ లేదు.

మర్నాడు పిట్ట వచ్చింది. ఒడ్డున పడున్న దుంగని ఒక్కసారి కొట్టి, "ఇది బోలు" అంది.

చూసే పిట్ట లేకపోతే పని కొంత కుంటుపడుతుంది; చూడనిదాన్ని చూసినట్టు గుర్తు వేస్తే కొంప మునుగుతుంది.