పీత బాగుచేసిన తింగా బాట

ఫిజీ దీవుల్లో నవుకా అనే అడవి ఉండేది. కొండ మీది చెట్లలో పచ్చతొండలు, పావురాలు ఉండేవి. కింద సముద్రపు ఒడ్డున పీతలు, కప్పలు ఉండేవి. ఏడాదికోసారి కొండవాళ్ళకీ ఒడ్డువాళ్ళకీ తింగా పోటీ జరిగేది.

తింగా అంటే ఏంటంటారా? రెల్లు పుల్లకి బరువైన చెక్క మొన తొడిగిన ఈటె. దాన్ని పొడవాటి చదును బాట మీద విసరాలి. నేల మీద జారుకుంటూ ఎవరిది ఎక్కువ దూరం పోతే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి విందు పెట్టాలి. అదీ ఆచారం.

మూడేళ్ళుగా గెలుపు వోకాయ్ అనే పచ్చతొండదే. వండి వార్చి ఒడ్డువాళ్ళ నడుములు పడిపోయాయి. వాళ్ళ తరఫున విసిరేది లైరో అనే ముసలి పీత. దాని అవస్థ తలుచుకుంటే నాకే ఒళ్ళు నొప్పులొస్తాయర్రా.

ఆ ఏడు పెద్ద తుఫాను వచ్చింది. తోటలన్నీ కొట్టుకుపోయాయి. కొండవాళ్ళకో బుట్ట, ఒడ్డువాళ్ళకో బుట్ట పెండలం దుంపలు మిగిలాయి. అవి విత్తనానికి దాచుకున్నవి.

లైరో కాళ్ళీడ్చుకుంటూ కొండెక్కింది.

"నాయనా, ఈ ఏడు పోటీ వద్దు. మేం ఓడితే విత్తనం మీ పొట్టల్లోకి పోతుంది. వచ్చే ఏడు మా పిల్లలు ఏం తిని బతకాలి?"

"భలేవాడివి తాతా! ముందే సాకులా? ఆట ఆటే, విందు విందే" అంది వోకాయ్.

"పోనీ, బాటన్నా బాగుచేద్దాం రా. రెండు పక్షాలూ కలిసి చెయ్యాల్సిన పని కదా."

"ఈ వేళ్ళు తింగా విసరడానికి. మట్టి ఎత్తడానికి మీరున్నారుగా!"

ఎంత పొగరో చూడండి! లైరో కొండ దిగిపోయింది. కప్పలూ మిగతా పీతలూ తుఫాను దెబ్బకి నీరసపడి ఉన్నాయి. పాపం, తొమ్మిది రోజులు అదొక్కటే కొమ్మలు ఈడ్చింది, రాళ్ళు నెట్టింది. బాట నడిమధ్య వరద తెచ్చిన ఇసుక. ఎంత తోడినా తరగలేదు. చివరికి పైపైన అణిచి చదును చేసింది. చూడ్డానికి గట్టిగానే ఉంది గానీ కింద అంతా మెత్తనే.

పోటీ ముందు రోజు పావురం చేత కబురు పంపింది. "నడిమధ్య నేల మెత్తగా ఉంది. ఒక్కసారి దిగి తొక్కి చూసుకో నాయనా."

"ముసలోడు నన్ను బెదిరిస్తున్నాడు!" అని వోకాయ్ పకపకా నవ్వింది. కొమ్మ దిగలేదు.

మర్నాడు వోకాయ్ ఎప్పటిలాగే ఎత్తుగా విసిరింది. తింగా గాల్లో రివ్వున పోయి సరిగ్గా నడిమధ్య పడింది. పడింది పడినట్టే ఇసుకలో దిగబడి నిలబడిపోయింది.

ఇప్పుడు లైరో వంతు. ఓడితే పిల్లల తిండి పోతుంది. అయినా దానికి గెలవాలన్న హుషారు కూడా లేదు, ఇది అయిపోతే చాలనుంది. పొట్ట నేలకి ఆనించి, బాగా కిందుగా విసిరింది. తింగా ఇసుక మీద జారుకుంటూ వోకాయ్ తింగాని దాటి బాట చివరి దాకా పోయింది.

కప్పలు గంతులేశాయి. వోకాయ్ విత్తనపు బుట్ట మోసుకొచ్చి లైరో ముందు పెట్టి బావురుమంది.

"తాతా, ఇది పోతే వచ్చే ఏడు మా పిల్లలకి తిండి లేదు."

"మరి నేను మొత్తుకున్నదీ అదే కదయ్యా" అంది లైరో. "తీసుకుపో, మేం తినం. కానీ మీ తోటా మా తోటా కూడా మీరే నాటాలి. నాకింక ఓపిక లేదు."

కొండవాళ్ళు రెండు తోటలూ తవ్వి నాటారు. వోకాయ్ వేళ్ళు బొబ్బలెక్కాయి. లైరో తన కన్నంలోకి పోయి మూడు రోజులు ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. ఒక్కరూ లేపలేదు.

నీతి: ఆడే నేలని బాగుచెయ్యడానికి ఒళ్ళు వంచనివాడికి ఆ నేల మీద గెలుపు నిలవదు.