వాగులో పారేసిన ఉప్పు

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు మల్లిక. కొడుకుల్లో పెద్దవాళ్ళిద్దరి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో వినండి, పిల్లలూ.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు మల్లికను ఎత్తుకుపోయాడు. "మూడో నాడు పొద్దుగుంకేలోగా నన్ను పెళ్ళాడతానని ఒప్పుకోకపోతే రాయిని చేసేస్తా" అని రాజుగారి ముందే చెప్పి మరీ పోయాడు. వాడి కోట మూడు అడవుల అవతల ఉంది. మూడు రోజుల నడక.

పెద్దవాడు రణకేతు కత్తులు సర్దాడు. రెండోవాడు జయకేతు పట్టు గుడారం సర్దాడు. చిన్నవాడు సోమకేతు వంటింట్లోకి వెళ్ళాడు. మొదటి రోజుకు పెరుగన్నం, అది ముందు పులుస్తుంది కనుక. రెండో రోజుకు పులిహోర, అది కాస్త నిలవుంటుంది కనుక. మూడో రోజుకు బియ్యం, పెసరపప్పు, ఉప్పు మూట, ఒక ఇత్తడి గిన్నె. పొయ్యికి మూడు రాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి.

"మనం వెళ్ళేది యుద్ధానికా, వనభోజనాలకా?" అని అన్నలు నవ్వారు. నవ్వండి నాయనా, నవ్వండి.

మొదటి అడవిలో గుడారం వేశారు. సోమకేతు నీళ్ళకు వెళ్ళొచ్చేసరికి అన్నలు పెరుగన్నం తినేసి పులిహోర కూడా ఊడ్చిపెట్టారు. తమ్ముడికి నాలుగు మెతుకులు కూడా మిగల్చలేదు. రెండో అడవిలో వాగు దాటుతూ, బరువుగా ఉందని రణకేతు ఉప్పు మూట నీళ్ళలో పారేశాడు. కత్తులు మాత్రం ఒక్కటీ పారెయ్యలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ చతికిలబడి, "ఆకలేస్తోంది, ఆ బియ్యం వండు" అన్నారు.

"అది రేపటికి. రేపు కోట దగ్గర ఒంట్లో సత్తువ కావాలి" అన్నాడు సోమకేతు.

"అయితే మేం ఇంటికి పోతాం."

సోమకేతు గిన్నె చంకన పెట్టుకుని దిగ్గున లేచాడు. "అక్కడ చెల్లెలు రాయి కాబోతుంటే మీకు కడుపు గుర్తొచ్చిందా? పొండి. మీ కత్తులు కూడా పట్టుకుపొండి. నాకు ఈ గిన్నె చాలు."

వాళ్ళు నిజంగానే పోయారు. సిగ్గులేని వాళ్ళు.

మూడో నాడు మధ్యాహ్నానికి సోమకేతు కోట చేరాడు. తలుపు మూసి ఉంది. గుద్దాడు, తన్నాడు, తిట్టాడు. తలుపు కదల్లేదు. కోపం తగ్గలేదు గాని కాళ్ళలో బలం అయిపోయింది. గోడ పక్కనే మూడు రాళ్ళు పేర్చి, ఎండుపుల్లలు ఏరి, పులగం వండాడు. బయల్దేరేటప్పుడు అమ్మ అతని ఉత్తరీయం కొసన కట్టిన చిటికెడు ఉప్పు అందులో వేశాడు. ఆకలితో ప్రాణం పోతున్నా, అమ్మ నేర్పిన అలవాటు చొప్పున మొదటి ముద్ద పిట్టలకని ఆకులో పెట్టాడు.

కోట కిటికీలోంచి బక్కచిక్కిన చిలుక ఒకటి వచ్చి ఆ ముద్దంతా తినేసింది.

"నాయనా, ధూమకేశుడి ప్రాణం నాలోనే ఉంది" అంది చిలుక. "పంజరం నిండా ముత్యాలు పోశాడు గాని ఏనాడూ కడుపు నిండా గింజలు పెట్టలేదు. చిక్కి చిక్కి ఊచల సందులోంచి బయటికి రాగలిగాను."

"తన ప్రాణాన్నే పస్తు పెట్టాడా?" అని సోమకేతు పళ్ళు కొరికాడు.

ఇంతలో ధూమకేశుడు మంత్రదండం ఎత్తి గాలిలోంచి ఊడిపడ్డాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఆ దండం ఇతని మీదికి దించలేవులే" అంది చిలుక. "నీ ప్రాణం ఇతని ఉప్పు తింది. ఉప్పు తిన్న చోట కీడు చెయ్యకూడదు. మాంత్రికుడికైనా అంతే."

"తలుపు తియ్యి" అన్నాడు సోమకేతు.

తీశాడు. మల్లిక బయటికొచ్చి, గిన్నెలో మిగిలిన పులగం తింటూ అన్న చెప్పిందంతా విన్నది. చిలుక సోమకేతు భుజమెక్కింది. ప్రాణం ఎటు పోతే మనిషీ అటే పోవాలి గనుక, ధూమకేశుడు కట్టెలు మోస్తూ వెనకాలే వచ్చాడు. బతికినన్నాళ్ళూ అదే పని చేశాడు.

పొరుగు రాజు కూతురు వనజాక్షి "కత్తి తిప్పేవాళ్ళు చాలామంది వచ్చారు, పొయ్యి వెలిగించేవాడు ఇతనొక్కడే" అని సోమకేతును ఏరికోరి చేసుకుంది. తర్వాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు రాజ్యమేలారు. వాళ్ళ ఏలుబడిలో పొయ్యి పెట్టడం రానివాడి చేతికి కత్తి ఇవ్వలేదు.

ఆ పెళ్ళి విందుకు అన్నలూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళకు మల్లికే స్వయంగా పులగం వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టగానే ఇద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి.

"ఉప్పేదే, చెల్లీ?" అన్నాడు రణకేతు.

"వాగులో ఉంది అన్నయ్యా. వెళ్ళి తెచ్చుకో."